వేరు చేస్తే దాచినట్టేనా? సర్వర్ల మధ్య తిరిగే మన కులం వివరాలకు తాళం ఎక్కడ?

తిరువూరు ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం. ఎన్టీఆర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంది. ఇక్కడి మాల, మాదిగ వాడల నుంచి కాలేజీకి వెళ్లే విద్యార్థి ఎవరైనా సరే, చదువు మొదలుకావాలంటే ముందు తన కులాన్ని ఒక కంప్యూటర్‌కు చెప్పుకోవాలి. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, హాస్టల్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్. ఒక్కో దరఖాస్తుకూ ఒక్కో తెర, ఒక్కో ఓటీపీ. సచివాలయంలో ఆపరేటర్ "అయిపోయింది, వెళ్లండి" అంటాడు. విద్యార్థి ఇంటికి వెళ్లిపోతాడు. అతని వివరాలు మాత్రం అక్కడి నుంచే ప్రయాణం మొదలుపెడతాయి.

ఆ ప్రయాణంలో మొదటి అంచె గురించి మనకు కొంత తెలుసు. వెబ్‌సైట్ చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే, తిరువూరులోని కంప్యూటర్ నుంచి డేటా సెంటర్ గుమ్మం దాకా వివరాలు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. అంటే దారిలో ఎవరు పట్టుకున్నా అర్థంకాని గుప్త రూపంలో ఉంటాయి. డిజిటల్ భద్రత శిక్షణల్లో కార్యకర్తలకు మొదట చెప్పేది ఇదే. ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లాక ఏం జరుగుతుంది? ఆ ప్రశ్న దగ్గర చాలా శిక్షణలు ఆగిపోతాయి. లోపల ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు అదే పేరు, అదే కులం, అదే ఖాతా నంబరు ఎన్నోసార్లు వెళ్తాయి. అప్పుడు కూడా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తున్నాయా? ఈ వ్యాసం ఆ లోపలి దారి గురించి. అది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదని, మన ఉద్యమాలు అడగాల్సిన ప్రశ్న అని మేం అనుకుంటున్నాం.

ఒక పెట్టెలో పది కంప్యూటర్లు

డేటా సెంటర్ అంటే పెద్ద గదిలో వరుసగా నిలబెట్టిన ఇనుప బీరువాలు, వాటిలో పేర్చిన శక్తిమంతమైన కంప్యూటర్లు. ఒక్కో పనికి ఒక్కో కంప్యూటర్ కేటాయించడం పాత పద్ధతి. దాంట్లో యంత్రం సగం రోజు ఖాళీగా ఉండేది. అందుకే వర్చువలైజేషన్ వచ్చింది. ఒక పెద్ద కంప్యూటర్ మీద ప్రత్యేక సాఫ్ట్‌వేర్ పెట్టి, దాన్ని పది ఇరవై చిన్న కంప్యూటర్లుగా పంచుతారు. ఆ చిన్న కంప్యూటర్లను వర్చువల్ మెషీన్లు అంటారు. ఒక్కోదానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత మెమరీ, సొంత ఐపీ చిరునామా ఉంటాయి. అవి నడిచే అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అంటారు. పంపకం చేసే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. లైనక్స్‌లో ఉండే కేవీఎం, వీఎంవేర్ సంస్థ ఈఎస్ఎక్స్ఐ అలాంటివే.

కేంద్ర ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన మేఘరాజ్ క్లౌడ్ అయినా, 2022 నవంబరులో హైదరాబాద్‌లో అమెజాన్ తెరిచిన క్లౌడ్ రీజియన్ అయినా పునాది ఇదే. క్లౌడ్ అనే మాట ఆకాశాన్ని గుర్తు చేస్తుంది. నిజానికి అది ఇంకొకరి గదిలో ఉన్న, ఇంకొకరితో పంచుకుంటున్న యంత్రం.

ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తునే తీసుకుందాం. దరఖాస్తు పేజీని చూపించే వర్చువల్ మెషీన్ ఒక హోస్ట్ మీద ఉంటుంది. వివరాలు దాచే డేటాబేస్ ఇంకో హోస్ట్ మీద ఉండొచ్చు. స్కాన్ చేసిన పత్రాలు మూడో చోట, రోజువారీ బ్యాకప్ నాలుగో చోట. మీరు ఒక్కసారి "సబ్మిట్" నొక్కితే, ఈ హోస్ట్‌ల మధ్య పదుల కొద్దీ సంభాషణలు నడుస్తాయి. పైగా హోస్ట్ మీద భారం పెరిగితే, నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఆపకుండానే ఇంకో హోస్ట్‌కు తరలిస్తారు. దీన్ని లైవ్ మైగ్రేషన్ అంటారు. ఆ సమయంలో దాని మెమరీ మొత్తం తీగ మీద ప్రయాణిస్తుంది. మెమరీలో అప్పటికి ఉన్న పాస్‌వర్డులు, తెరిచి ఉన్న దరఖాస్తులు అన్నీ అందులో ఉంటాయి.

వేరు చేయడం వేరు, దాచడం వేరు

ఒకే తీగల మీద వేర్వేరు శాఖల, వేర్వేరు సంస్థల ట్రాఫిక్ వెళ్తుంటే, ఒకదానితో ఒకటి కలవకుండా చూడాలి. దానికి ఎక్కువగా వాడే పద్ధతి వీఎక్స్‌ల్యాన్. 2014 ఆగస్టులో దీని సాంకేతిక వివరణ పత్రం వెలువడింది. దీని పని సులభంగానే అర్థమవుతుంది. వర్చువల్ మెషీన్ పంపిన ప్యాకెట్‌ను హోస్ట్ తీసుకుని, ఇంకో కవరులో పెట్టి, దాని మీద ఒక నంబరు వేస్తుంది. అవతలి హోస్ట్ కవరు విప్పి, నంబరు చూసి, సరైన వర్చువల్ మెషీన్‌కు అందిస్తుంది. ఆ నంబరుకు 24 బిట్లు కేటాయించారు కాబట్టి సుమారు 1.6 కోట్ల వేర్వేరు నెట్‌వర్కులు ఒకే తీగల మీద నడవగలవు. అంతకుముందున్న వీల్యాన్ పద్ధతిలో ఈ సంఖ్య సుమారు నాలుగు వేలే.

చూడ్డానికి బాగుంది. సాంఘిక సంక్షేమ శాఖకు ఒక నంబరు, రెవెన్యూకు ఇంకొకటి, ఎవరిది వారిదే. ఈ కవరుకు జిగురు మాత్రం లేదు. వీఎక్స్‌ల్యాన్ దేన్నీ ఎన్‌క్రిప్ట్ చేయదు. పంపింది నిజంగా ఫలానా హోస్టేనా అని పరీక్షించే ఏర్పాటు కూడా అందులో లేదు. పోస్టాఫీసులో సంచి మీద ఊరి పేరు రాస్తారు. ఆ రాత సంచిని సరైన బస్సు ఎక్కిస్తుంది గానీ, సంచిలో చెయ్యి పెట్టకుండా ఎవర్నీ ఆపదు. వీఎక్స్‌ల్యాన్ తర్వాత వచ్చిన జెనీవ్ పద్ధతికీ ఇదే వర్తిస్తుంది. ఈ సంగతి రూపకర్తలకు తెలియక కాదు. ట్రాఫిక్‌ను కాపాడుకోవాలంటే ఐపీసెక్ లాంటి పద్ధతిని పైన వాడుకోవచ్చని వీఎక్స్‌ల్యాన్ వివరణ పత్రమే చెబుతోంది. పైన వాడుకోవాల్సిన ఆ తాళాన్ని చాలామంది మర్చిపోతారు. సంస్థల ప్రచార పత్రాల్లో "మీ నెట్‌వర్క్ పూర్తిగా ఐసొలేటెడ్" అని రాసి ఉంటుంది. చదివినవాళ్లు దాన్ని "సురక్షితం" అని అర్థం చేసుకుంటారు.

విడిగా ఉంచడాన్ని రక్షణ అనుకోకూడదని వెలివాడల నుంచి వచ్చిన మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఊరికి దూరంగా పెట్టడం ఎవరి సౌకర్యం కోసమో, దాడి జరిగిన రోజున ఆ దూరం ఎవరికి పనికొచ్చిందో మనకు తెలుసు. నెట్‌వర్క్ విషయంలోనూ అడగాల్సింది అదే. ఈ విభజన నిర్వాహకుల సౌకర్యం కోసమా, వివరాలు ఇచ్చినవారి రక్షణ కోసమా?

మేం చేసి చూసింది

ఇదంతా పుస్తకాల్లో చదవడం ఒకటి, కళ్లతో చూడడం ఇంకొకటి. అందుకని తిరువూరులో కొందరు డిగ్రీ విద్యార్థులతో కలిసి చిన్న ప్రయోగం చేశాం. రెండు పాత డెస్క్‌టాప్‌లు, పోర్ట్ మిర్రరింగ్ ఉన్న ఒక చిన్న స్విచ్, ఒక ల్యాప్‌టాప్. రెండు డెస్క్‌టాప్‌ల మీద లైనక్స్, కేవీఎం, ఓపెన్ వీస్విచ్ పెట్టాం. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. మొదటి హోస్ట్ మీద దరఖాస్తు పేజీ, రెండో హోస్ట్ మీద డేటాబేస్. మధ్యలో వీఎక్స్‌ల్యాన్ టన్నెల్. కల్పిత పేరు, కల్పిత ఖాతా నంబరుతో దరఖాస్తు నింపాం. కులం గడిలో ఎస్సీ అని రాశాం. పేజీకి హెచ్‌టీటీపీఎస్ పెట్టాం. డేటాబేస్‌కు వెళ్లే దారిలో ఏమీ పెట్టలేదు. "లోపలే కదా" అని చాలాచోట్ల వదిలేసే దారి అదే.

ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీగ మీద వెళ్లేది పట్టాం. 4789 పోర్టు మీద వెళ్తున్న ప్యాకెట్లను వైర్‌షార్క్ తానే వీఎక్స్‌ల్యాన్‌గా గుర్తుపట్టి, కవరు విప్పి, లోపలి ప్యాకెట్‌ను చూపించింది. డేటాబేస్‌కు పంపిన ఆదేశం మొత్తం అక్షరం పొల్లుపోకుండా కనిపించింది. పేరు, కులం, ఖాతా నంబరు, అన్నీ. ఎక్కడా పాస్‌వర్డు పగలగొట్టలేదు. ఏ హ్యాకింగ్ నైపుణ్యమూ వాడలేదు. స్విచ్ దగ్గర కూర్చున్నాం, అంతే.

తర్వాత రెండు హోస్ట్‌ల మధ్య ఐపీసెక్ ఆన్ చేశాం. అదే దరఖాస్తు, అదే బటన్. ఈసారి తెర మీద ఈఎస్‌పీ అనే పేరుతో అర్థంకాని అక్షరాల ముద్దలు మాత్రమే కనిపించాయి. ఏ హోస్ట్ నుంచి ఏ హోస్ట్‌కు, ఎప్పుడు, సుమారు ఎంత సైజు అన్నది మాత్రం తెలుస్తోంది. పేరు లేదు, కులం లేదు. ఏ శాఖ నెట్‌వర్కో చెప్పే వీఎక్స్‌ల్యాన్ నంబరు కూడా లోపలే దాగిపోయింది. దరఖాస్తు పేజీలో గానీ, డేటాబేస్‌లో గానీ మేం ఒక్క అక్షరం మార్చలేదు. హోస్ట్ స్థాయిలో వేసే తాళంతో వచ్చే మేలు ఇదే. పైన నడిచే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మర్చిపోయినా, కింద నేల గట్టిగా ఉంటుంది.

"లోపలివాళ్లు" అంటే ఎవరు?

డేటా సెంటర్‌కు గోడలున్నాయి, కెమెరాలున్నాయి, వేలిముద్ర తలుపులున్నాయి, ఇంక లోపల ఎన్‌క్రిప్షన్ ఎందుకు అనేది తరచుగా వినిపించే వాదన. దీనికి 2013లోనే జవాబు దొరికింది. ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ఆధారంగా ఆ ఏడాది అక్టోబరు 30న వాషింగ్టన్ పోస్ట్ ఒక కథనం ప్రచురించింది. అమెరికా ఎన్ఎస్ఏ, బ్రిటన్ జీసీహెచ్‌క్యూ కలిసి మస్కులర్ అనే కార్యక్రమం కింద గూగుల్, యాహూ డేటా సెంటర్లను కలిపే లైన్లలోకి చొరబడ్డాయని దాని సారాంశం. వాడుకరి నుంచి గూగుల్ గుమ్మం దాకా తాళం ఉంది. గుమ్మం దాటాక, తన డేటా సెంటర్ల మధ్య లైన్లలో అప్పటికి అది పూర్తిగా లేదు. గూఢచారులు సరిగ్గా అక్కడే నిలబడ్డారు. ఆ తర్వాత గూగుల్ లోపలి దారుల ఎన్‌క్రిప్షన్‌ను వేగవంతం చేసింది. జీమెయిల్ సందేశాలు తమ డేటా సెంటర్ల మధ్య తిరిగేటప్పుడూ ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయని 2014 మార్చిలో ప్రకటించింది. ప్రపంచంలోనే పెద్ద ఇంజనీరింగ్ బలగం ఉన్న సంస్థకే "లోపల" అనే మాట మీద నమ్మకం సడలిందన్నమాట.

లైవ్ మైగ్రేషన్ సంగతి అంతకంటే ముందే తేలింది. 2008లో మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓబర్‌హైడ్, కుక్, జహానియన్ ఒక ప్రయోగం చేశారు. వర్చువల్ మెషీన్ ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కు వెళ్తుండగా, దారిలో కూర్చుని దాని మెమరీని మార్చేశారు. లాగిన్ పరీక్షించే ప్రోగ్రామ్‌నే మార్చి, అనుమతి లేని వ్యక్తి లోపలికి వెళ్లేలా చేయగలిగారు. చదవడమే కాదు, మార్చడం కూడా సాధ్యమేనని దీని అర్థం. వీఎంవేర్ తన లైవ్ మైగ్రేషన్‌కు ఎన్‌క్రిప్షన్ సదుపాయం చేర్చింది 2016లో వచ్చిన 6.5 వెర్షన్‌తో.

మార్చడం సాధ్యమైతే ఏమవుతుందో ఊహించండి. అర్హత గడిలో "అవును" అనేది "కాదు"గా మారొచ్చు. ఖాతా నంబరులో ఒక అంకె మారొచ్చు. ఫీజు రాలేదని విద్యార్థి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. సిస్టమ్‌లో అలాగే ఉందని జవాబు వస్తుంది. అందుకే ఎన్‌క్రిప్షన్ గురించి మాట్లాడేటప్పుడు గోప్యత ఒక్కటే చూడకూడదు. పంపిన సమాచారమే చేరిందా అనే పరీక్ష కూడా అందులో భాగం. ఐపీసెక్, వైర్‌గార్డ్ వంటి పద్ధతులు ఈ రెండు పనులూ కలిపి చేస్తాయి. దారిలో ఒక్క బిట్ మారినా ప్యాకెట్‌ను పక్కన పడేస్తాయి.

ఇక డేటా సెంటర్లో లోపలివాళ్లు అంటే ప్రభుత్వ ఉద్యోగి ఒక్కడే కాదు. కాంట్రాక్టు మీద స్విచ్‌లు చూసేవాళ్లు, కేబుళ్లు మార్చేవాళ్లు, వేరే కంపెనీ తరఫున మరమ్మతులకు వచ్చేవాళ్లు, అదే క్లౌడ్‌లో అద్దెకున్న ఇతర సంస్థలు. వీళ్లందర్నీ అనుమానించమని మేం చెప్పడం లేదు. ఇంతమంది మంచితనం మీద ఒక మనిషి భద్రత ఆధారపడకూడదని చెబుతున్నాం.

కులం ఎందుకు వేరే లెక్క?

పాస్‌వర్డు బయటపడితే మార్చుకోవచ్చు. బ్యాంకు కార్డు పోతే బ్లాక్ చేయించవచ్చు. కులం బయటపడితే మార్చుకోలేం. పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కునేవారికి, ప్రైవేటు ఉద్యోగంలో చేరినవారికి, కులాంతర వివాహం చేసుకుని వేరే ఊళ్లో బతుకుతున్నవారికి ఆ ఒక్క గడి ఎంత బరువో మనకు తెలుసు.

తెలుగు నేల మీద దీనికి ఉదాహరణ ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలతో పాటు కులం, మతం కూడా బహిరంగంగా కనిపిస్తున్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. అది హోస్ట్‌ల మధ్య తీగలు విని సంపాదించినది కాదు, తలుపే బార్లా తెరిచి పెట్టిన ఘటన. రెండింటినీ కలపకూడదు. కాని అది ఒక విషయం రుజువు చేసింది. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్న పేదల కులం, మతం, చిరునామా, ఖాతా నంబరు ఒకే వరుసలో, ఒకే చోట పోగుపడి ఉన్నాయి. అలా పోగుపడినది ఏ దారిలో బయటికి వచ్చినా నష్టం ఒకటే.

పోగు ఇంకా పెరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జనవరిలో కులగణన మొదలైంది. తెలంగాణలో అదే ఏడాది నవంబరులో ఇంటింటి కుల సర్వే జరిగింది. 2027 జాతీయ జనగణనలో కులం లెక్కించాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. ఆ జనగణన డిజిటల్ పద్ధతిలో జరుగుతుంది. కుల గణాంకాలు కావాలని దశాబ్దాలుగా అడిగింది మనమే. వాటా అడగాలంటే లెక్క కావాలి. ఆ డిమాండును వదులుకోవాల్సిన పని లేదు. లెక్క తీసుకున్నవాడు లెక్కను కాపాడాలన్నది దానికి కొనసాగింపు.

అట్రాసిటీ కేసుల సంగతి ఇంకా సున్నితమైనది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో 15ఏ సెక్షన్ వచ్చింది. సాక్షుల పేర్లు, చిరునామాలు బయటపడకుండా ప్రత్యేక కోర్టు చర్యలు తీసుకోవచ్చని అది చెబుతోంది. కోర్టు తీర్పు కాగితంలో పేరు దాచి, అదే పేరు పరిహారం ఫైలులో సర్వర్ నుంచి సర్వర్‌కు బట్టబయలుగా తిరిగితే ఆ రక్షణ సగమే.

చట్టం ఏమంటోంది? 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదా, 2019 నాటి బిల్లు, రెండూ కులం లేదా తెగను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సున్నితమైన సమాచారం అనే వర్గాన్నే తీసేసింది. ఇప్పుడు చట్టం దృష్టిలో మీ కులం, మీ ఈమెయిల్ చిరునామా ఒకే రకం. అయినా ఆ చట్టంలో పట్టుకోవడానికి ఒక కొమ్మ ఉంది. సహేతుకమైన భద్రతా చర్యలు తీసుకోవాలని 8వ సెక్షన్ చెబుతోంది. తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఆ చర్యల్లో ఎన్‌క్రిప్షన్‌ను పేరు పెట్టి చెప్పాయి. ఈ బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రం చేతిలోనే ఉందన్నది మర్చిపోకూడదు.

తాళం ఎన్ని రకాలు?

హోస్ట్‌ల మధ్య ట్రాఫిక్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది ఐపీసెక్. 1990ల నుంచీ ఉంది. ఓపెన్ వీస్విచ్ లాంటి సాఫ్ట్‌వేర్ దీన్ని వీఎక్స్‌ల్యాన్, జెనీవ్ టన్నెళ్లకు నేరుగా తగిలిస్తుంది. రెండు హోస్ట్‌లు ముందు ఒకరినొకరు గుర్తుపట్టి, తాళంచెవులు కుదుర్చుకుని, ఆ తర్వాతే మాట్లాడతాయి.

రెండోది వైర్‌గార్డ్. 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ 5.6తో కెర్నెల్‌లో భాగమైంది. అమర్చడం తేలిక. రెండు నిమిషాలకోసారి తాళంచెవులు వాటంతటవే మారిపోతాయి. చిన్న సంస్థలకు, విద్యార్థులకు మేం మొదట చెప్పేది దీన్నే.

మూడోది మ్యాక్‌సెక్. 2006లో ప్రమాణంగా వచ్చింది. ఇది తీగ స్థాయిలో, స్విచ్‌కు యంత్రానికి మధ్య, లేదా రెండు స్విచ్‌ల మధ్య పనిచేస్తుంది. వేగం ఎక్కువ. స్విచ్ లోపల మాత్రం ట్రాఫిక్ విప్పుకుంటుంది కాబట్టి స్విచ్‌ను నమ్మాల్సి వస్తుంది.

"ఇవి పెడితే నెమ్మదిస్తుంది" అనే మాట వినిపిస్తుంది. ఒకప్పుడు అందులో నిజం ఉండేది. 2010 నుంచి ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లలో ఎన్‌క్రిప్షన్ కోసమే ప్రత్యేక ఆదేశాలు ఉన్నాయి. కొన్ని నెట్‌వర్క్ కార్డులు ఆ పనిని తామే చేసేస్తాయి. ఖర్చు సున్నా కాదు, కానీ సాకుగా చూపేంత పెద్దదీ కాదు.

నిజంగా ఇబ్బంది పెట్టేవి రెండున్నాయి. ఒకటి ప్యాకెట్ సైజు. మామూలుగా ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. వీఎక్స్‌ల్యాన్ కవరుకు 50 బైట్లు పోతాయి. దాని మీద ఐపీసెక్ ఇంకొన్ని తింటుంది. వర్చువల్ మెషీన్‌లో సైజు తగ్గించకపోతే చిన్న అభ్యర్థనలు వెళ్తాయి, పెద్ద పేజీలు మధ్యలో ఆగిపోతాయి. మా ప్రయోగంలో 1400 దగ్గర పెట్టాక అన్నీ సాఫీగా నడిచాయి. చాలాచోట్ల ఈ తంటా వచ్చినప్పుడు కారణం వెతకకుండా ఎన్‌క్రిప్షన్‌నే ఆపేస్తారు.

రెండోది తాళంచెవుల నిర్వహణ. ప్రతి హోస్ట్ మిగతా ప్రతి హోస్ట్‌తో మాట్లాడాలంటే, 10 హోస్ట్‌లకు 45 జంటలు. 100 హోస్ట్‌లకు 4,950 జంటలు. ఈ తలనొప్పి తప్పించుకోవడానికి అన్నిటికీ ఒకే రహస్య పదం పెట్టేస్తారు. అది ఒక్క చోట బయటపడితే, తెలిసినవాడు ఏ హోస్ట్ వేషమైనా వేయగలడు. హోస్ట్ హోస్ట్‌కూ విడి సర్టిఫికెట్ ఇవ్వడం సరైన పద్ధతి.

ఇంకో మాట. వీఎక్స్‌ల్యాన్ టన్నెల్‌కు తాళం వేస్తే టన్నెల్‌లో వెళ్లేదే కాపాడబడుతుంది. లైవ్ మైగ్రేషన్, స్టోరేజీ, బ్యాకప్ సాధారణంగా హోస్ట్‌ల సొంత నెట్‌వర్క్ మీద, టన్నెల్ బయట వెళ్తాయి. వాటికి విడిగా వేయాలి.

ఈ తాళం ఆపలేనివి

హోస్ట్ మీదే పూర్తి అధికారం ఉన్నవాడిని ఈ తాళం ఆపదు. వర్చువల్ మెషీన్ మెమరీని అతను నేరుగా చూడగలడు. డిస్కులో ఎన్‌క్రిప్ట్ చేయకుండా దాచినదాన్ని ఇది కాపాడదు. 2018 నాటి ఘటనలా వెబ్‌సైటే అన్నీ చూపిస్తుంటే, లోపల ఎన్ని తాళాలున్నా లాభం లేదు. సచివాలయంలో ఎక్సెల్ ఫైలు వాట్సాప్ గ్రూపులో పడితే అసలే లాభం లేదు. 2019లో భారతదేశంలో పలువురు హక్కుల కార్యకర్తల ఫోన్లను పెగాసస్ లక్ష్యంగా చేసుకుందని వాట్సాప్ వారికి తెలియజేసింది. అక్కడ దారిలో ఎన్‌క్రిప్షన్ ఉంది, దెబ్బ తగిలింది చివర ఉన్న ఫోన్ మీద.

కాబట్టి దీన్ని సర్వరోగ నివారిణిగా చూపడం మా ఉద్దేశం కాదు. ఇంటికి పది తలుపులుంటే, ఇది అందులో ఒకటి. మిగతా తొమ్మిదింటి గురించి ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఈ ఒక్కదాన్ని అడిగేవాళ్లు తక్కువ.

మనం చేయగలిగినవి

సంఘాలకు సొంతంగా వెబ్‌సైట్లు, నిజనిర్ధారణ నివేదికల భాండాగారాలు, కేసుల జాబితాలు ఉంటున్నాయి. వాటి కోసం రెండు మూడు వర్చువల్ సర్వర్లు అద్దెకు తీసుకుంటే, ఆ కంపెనీ ఇచ్చే "ప్రైవేట్ నెట్‌వర్క్" ఎన్‌క్రిప్ట్ అయినదేనని అనుకోవద్దు. దాని డాక్యుమెంటేషన్‌లో ఎన్‌క్రిప్షన్ అనే మాట ఉందో లేదో చూడండి. ఐసొలేషన్ అనే మాట ఒక్కటే ఉంటే సరిపోదు. సర్వర్ల మధ్య వైర్‌గార్డ్ పెట్టండి. కంప్యూటర్ సైన్స్ చదివే మన విద్యార్థికి అది ఒక సాయంత్రం పని. డేటాబేస్ కనెక్షన్‌కు టీఎల్ఎస్ కూడా పెట్టండి. ఒకటి విఫలమైతే ఇంకొకటి నిలబడుతుంది.

ప్రభుత్వాన్ని అడగడానికి సమాచార హక్కు చట్టం ఉంది. ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. "మీ నెట్‌వర్క్ సురక్షితమా?" అని అడిగితే అభిప్రాయం చెప్పాల్సిన బాధ్యత లేదంటారు. ఐపీ చిరునామాలు, నెట్‌వర్క్ పటాలు అడిగితే భద్రత పేరుతో తిరస్కరిస్తారు. ఆ తిరస్కారంలో న్యాయం కూడా ఉంది. కాబట్టి పత్రాలు అడగాలి. సాంఘిక సంక్షేమ శాఖకు, రాష్ట్ర ఐటీ శాఖకు, కొనుగోళ్లు చూసే ఏపీ టెక్నాలజీ సర్వీసెస్‌కు 10 రూపాయల ఫీజుతో పెట్టగలిగిన అభ్యర్థనలు ఇవి.

ఒకటి, విద్యార్థుల వివరాలుండే సర్వర్ల టెండరు పత్రంలో, ఒప్పందంలో సర్వర్ల మధ్య ప్రయాణించే డేటా ఎన్‌క్రిప్షన్ గురించి ఉన్న నిబంధనల ప్రతి. అలాంటి నిబంధన లేకపోతే, లేదన్న సమాచారం.

రెండు, చివరిసారి జరిగిన భద్రతా ఆడిట్ తేదీ, ఆడిట్ చేసిన సంస్థ పేరు, ఆడిట్ పరిధి రాసిన పేజీ. ఆ పరిధిలో వెబ్‌సైట్ ఒక్కటే ఉందా, లోపలి నెట్‌వర్క్ కూడా ఉందా అన్నది మనం చూడాల్సిన విషయం.

మూడు, బ్యాకప్‌లకు, లైవ్ మైగ్రేషన్‌కు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేసే విధాన పత్రం ఉంటే దాని ప్రతి.

నాలుగు, కులం, మతం గడులను చూసే అధికారం ఏయే హోదాల్లో ఉన్నవారికి ఇచ్చారో చెప్పే ఉత్తర్వు ప్రతి.

పత్రంలో కొంత భాగం రహస్యమంటే, ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని చట్టంలోని 10వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తులోనే ఆ సెక్షన్‌ను ప్రస్తావించండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లండి.

మన పెద్దలు రేషన్ కార్డు కోసం, ఇంటి పట్టా కోసం, స్కాలర్‌షిప్ కోసం ఆఫీసు బల్ల ముందు నిలబడి అడగడం నేర్పారు. ఇప్పుడు ఆ బల్ల వెనక సర్వర్లున్నాయి. మన పేరు, మన కులం, మన ఊరు వాటి మధ్య రోజూ తిరుగుతున్నాయి. ఆ వివరాలు మనవి. అవి ఏ దారిలో, ఏ తాళంతో వెళ్తున్నాయో అడగడానికి ఇంజనీర్ కానక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, 10 రూపాయలు చాలు.